వీసా వచ్చింది, పిల్లల టీకా కార్డు ఎక్కడ?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఉపకార వేతనాల గురించి, కుట్టు మిషన్ల గురించి కార్యదర్శిగారు చెప్పారు. నాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. ప్రభుత్వ ఆరోగ్య శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, హెల్త్ సూపర్‌వైజరుగా దిగిపోయిన మనిషిని. అందుకే సూదుల గురించే మాట్లాడతాను. అయితే ఊళ్లో ఉండేవాళ్ల సూదులు కావు, ఊరు దాటి వెళ్లే పిల్లల సూదులు.

ఈ హాల్లో ఉన్న మనలో ఇంటికి ఒకరైనా బయటి దేశంలో ఉన్నారు. కువైట్, సౌదీ, దుబాయ్ పాత దారులు. ఇప్పుడు అమెరికా, ఇంగ్లండ్ కూడా. ప్రయాణం ఖాయమైతే ఇంట్లో ఎంత హడావిడి ఉంటుందో మీకు తెలుసు. పచ్చళ్లు ఆరబెట్టడం, అట్టపెట్టెలు తూకం వేయించడం, పాస్‌పోర్టు జిరాక్సులు నాలుగు సెట్లు తీయించడం. పిల్లల టీకా కార్డు మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. బీరువాలో పెళ్లి ఆల్బమ్ కింద ఉంటుంది, లేదంటే వాళ్ల దాదీ ఇంట్లో ఉంటుంది, లేదంటే అసలే ఉండదు.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. అది చెప్పకుండా ఇతరులకు బుద్ధులు చెప్పే హక్కు నాకు లేదు.

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం అక్కడ కుటుంబంతో ఉంటున్న విదేశీయుల మీద తలకింత అని రుసుము పెట్టింది. మొదటి ఏడాది నెలకు మనిషికి వంద రియాళ్లు. ఏటా వంద చొప్పున పెంచుకుంటూ 2020 నాటికి నాలుగు వందలు చేశారు. డ్రైవరు జీతం మీద భార్యనూ ముగ్గురు పిల్లల్నీ పెట్టుకున్నవాళ్లు ఆ భారం మోయలేకపోయారు. ఆ రెండు మూడేళ్లలో ఎన్నో కుటుంబాలు తిరిగి వచ్చేశాయి. భర్త అక్కడే ఉండిపోయాడు, తల్లీ పిల్లలు ఇక్కడికి వచ్చారు.

అలా 2018లో రియాద్ నుంచి వచ్చిన ఒక తల్లి, ఐదున్నరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొని మా సబ్‌సెంటరుకు వచ్చింది. శనివారం, టీకాల రోజు. నలభై మంది తల్లులు వరుసలో ఉన్నారు. "ఆపా, పాపకు ఏమైనా సూదులు బాకీ ఉన్నాయేమో చూస్తారా?" అని అడిగింది. కార్డు ఏదమ్మా అన్నాను. అరబ్బీలో ఉన్న కార్డు కార్గోలో వేసిన పెట్టెల్లో ఉందట, అవి ఇంకా రాలేదట. "అక్కడ బాగానే వేస్తారులే. కార్డు దొరికాక తీసుకురా, చూద్దాం" అన్నాను. ఆమె సరేనని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు అది తప్పు అనిపించలేదు. పని తగ్గినట్టు అనిపించింది.

నాలుగు నెలల తర్వాత ఆ పాపకు గొంతు నొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ టాన్సిల్స్ అని మాత్రలిచ్చాడు. మూడో రోజుకు మెడ వాచింది, మింగుడు పడలేదు. పెద్దాసుపత్రిలో గొంతులో లైటు వేసి చూస్తే బూడిద రంగు పొర కనిపించింది. కంఠసర్పి. ఇంగ్లీషులో డిఫ్తీరియా అంటారు. ఇంకా ఉందా ఆ జబ్బు అని మీరు అడగవచ్చు. ఉంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ డాక్టర్లను అడిగి చూడండి, చెబుతారు. ఈ మధ్య చంటి పిల్లల కంటే, చిన్నప్పుడు సూదులన్నీ వేయించుకొని బూస్టర్ తప్పిపోయిన బడి పిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తోంది. దానికి ఇచ్చే విరుగుడు మందు గుర్రం రక్తం నుంచి తయారవుతుంది, ప్రతి ఊళ్లోనూ నిల్వ ఉండదు. ఆ పాప కోసం వేరే నగరం నుంచి తెప్పించారు.

పాప బతికింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఆ విషం గుండె మీద, నరాల మీద పనిచేస్తుంది. చాలా వారాల పాటు పాప నీళ్లు తాగితే ముక్కులోంచి బయటికి వచ్చేవి. మాట ముక్కుతో వచ్చేది. నేను వార్డుకు వెళ్లాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "ఆపా, ఆ రోజు ఆ సూది వేసి ఉంటే?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కార్గో పెట్టె వచ్చాక కార్డు దొరికింది, దుప్పట్ల మధ్య. మా మస్జిద్ మౌలానాసాబ్ చదివి పెట్టారు. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. వయసుకు వేయాల్సినవన్నీ వేశారు. సౌదీలో ఆ బూస్టర్ ఒకటో తరగతిలో చేరేటప్పుడు వేస్తారు. పాప ఒకటో తరగతికి ముందే వచ్చేసింది. ఇక్కడ మన లెక్క ప్రకారం డీపీటీ రెండో బూస్టర్ ఐదు నుంచి ఆరేళ్ల మధ్య వేయాలి. అక్కడివాళ్లు ఇంకా టైముంది అనుకున్నారు, ఇక్కడ నేను అక్కడ అయిపోయి ఉంటుంది అనుకున్నాను. ఆ పిల్ల రెండు దేశాల మధ్య ఖాళీలో పడిపోయింది.

ఆ తర్వాత నేను పట్టుకున్న నియమం ఒక్కటే. కాగితం లేకపోతే సూది పడలేదనే లెక్క. అమ్మకు గుర్తుంది, నానీ చెప్పింది అంటే చాలదు. ఇది నా సొంత నియమం కాదు, ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ డాక్టర్లు నడిచేది దీని మీదే. రెండోసారి పడితే ప్రమాదమా అని తల్లులు భయపడతారు. తట్టు సూది, పోలియో చుక్కలు ఒక మోతాదు ఎక్కువైనా నష్టం లేదు. డీపీటీ మరీ ఎక్కువసార్లు పడితే చెయ్యి వాచి నొప్పి చేస్తుంది, అందుకే దాన్ని డాక్టరు లెక్క చూసి వేస్తారు. ఇంకో మాట. మధ్యలో ఆపేస్తే మొదటి నుంచి మళ్లీ వేయాలన్నది అపోహ. ఆరు నెలలైనా రెండేళ్లైనా ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. ఆలస్యమైందని సిగ్గుపడి ఆసుపత్రికి రావడం మానేసిన తల్లుల్ని నేను చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నాను.

ఇక నవ్వుకునే సంగతి ఒకటి. నా సొంత మనవడు. 2018లో గుంటూరులో పుట్టాడు. వాడి ప్రతి సూదీ నా చేతుల మీదుగానో, నా కళ్ల ముందో పడింది. కార్డులో ఒక్క గడి ఖాళీ లేదు. అల్లుడికి ఉద్యోగం వచ్చి 2023లో టెక్సాస్ వెళ్లారు. బడిలో చేర్చడానికి కార్డు తీసుకెళితే, అక్కడి నర్సు చూసి సగం కొట్టేసింది. ఒక్క రోజే నాలుగు సూదులు వేయించుకొని వచ్చి, వీడియో కాల్‌లో "నానీ, నువ్వు సరిగ్గా వేయలేదా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల సర్వీసు ఒక్క మాటతో గంగలో కలిసింది.

కోపం తగ్గాక కూర్చొని చదివాను. అందులో అవమానం ఏమీ లేదు, లెక్కలు వేరు. మన దగ్గర తట్టు, రుబెల్లా సూది తొమ్మిది నెలలకే వేస్తాం, ఎందుకంటే ఇక్కడ పసిపిల్లలకే తట్టు సోకే అవకాశం ఎక్కువ. కానీ తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో ఇంకా కొంత మిగిలి ఉన్నప్పుడు సూది పూర్తిగా పట్టదు. అమెరికాలో పుట్టినరోజు దాటాక వేసిందే లెక్క, తొమ్మిది నెలలది లెక్కలోకి రాదు. పైగా మన ప్రభుత్వ సూదిలో గవదబిళ్లల మందు ఉండదు. అది ఎంఆర్, వాళ్లు అడిగేది ఎంఎంఆర్. పోలియో చుక్కల సంగతి మరీ విచిత్రం. 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. ఆ నెల ఒకటో తేదీ నుంచి వేసిన చుక్కల్ని అమెరికా లెక్కపెట్టదు, పోలియో సూదే కావాలంటుంది. మనం ఇంటింటికీ తిరిగి, ఆదివారాలు బూత్‌లలో కూర్చొని వేసిన చుక్కలు! ఆ చుక్కల వల్లే 2011 జనవరి తర్వాత మన దేశంలో అడవి పోలియో కేసు రాలేదు, 2014 మార్చిలో పోలియో లేదన్న ధ్రువీకరణ వచ్చింది. ఆ గౌరవం ఎక్కడికీ పోదు. కానీ టెక్సాస్ బడి నర్సుకు ఈ కథ చెప్పి లాభం లేదు.

ఆటలమ్మ సూది, కామెర్లలో ఏ రకానికి వేసే సూది మన ప్రభుత్వ పట్టికలో లేవు. అమెరికా బడుల్లో చాలా చోట్ల అడుగుతారు, గల్ఫ్‌లోనూ చాలా చోట్ల పట్టికలో ఉన్నాయి. ఇవి ఇక్కడ ప్రైవేటులో కొనుక్కోవాలి, ఒక్కో డోసు వెయ్యి రూపాయలు దాటుతుంది. ఇంగ్లండ్‌లో బడికి టీకాలు షరతు కాదు కానీ, డాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోగానే కార్డు అడుగుతారు.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక తేడా చెప్పాలి. గ్రీన్ కార్డు వీసా మీద వెళ్లేవాళ్లకు ఇక్కడే వైద్య పరీక్షలో టీకాలు చూస్తారు. రెండేళ్లు దాటిన పిల్లలకు క్షయ కోసం రక్త పరీక్ష కూడా చేస్తారు. ఉద్యోగ వీసాతో, ఆధారిత వీసాతో వెళ్లేవాళ్లను ఇక్కడ ఎవరూ అడగరు. అందుకే వాళ్లే బడి గుమ్మం దగ్గర ఆగిపోతారు. క్షయ మాట వచ్చింది కనుక మరొకటి. పుట్టగానే వేసిన బీసీజీ వల్ల చర్మం మీద చేసే పరీక్ష ఒక్కోసారి వాచి చూపిస్తుంది, రక్త పరీక్షకు ఆ ఇబ్బంది లేదు. బీసీజీ వేయించినట్టు కార్డులో ఉంటే డాక్టరుకు అర్థమవుతుంది. భుజం మీద మచ్చ చూపించి వాదించనక్కర్లేదు.

అక్కడ జబ్బులే ఉండవు, ఎందుకింత పట్టింపు అనేవాళ్లున్నారు. 2025లో అదే టెక్సాస్‌లో 762 మందికి తట్టు సోకింది, బడి వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. కెనడా తట్టును తరిమేసిన దేశమన్న పేరును ఆ ఏడాదే పోగొట్టుకుంది. ముంబై గోవండిలో 2022లో తట్టు ఎంతమంది మన పిల్లల్ని ఆసుపత్రిపాలు చేసిందో మీరు పత్రికల్లో చూశారు. జబ్బుకు వీసా అక్కర్లేదు.

ఇక కార్డు గురించి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, అసలు చిక్కంతా ఇక్కడే.

మన పిల్లలకు పేరు ఏడో రోజున, అఖీఖా నాడు పెడతాం. కానీ బీసీజీ, కామెర్ల సూది, మొదటి చుక్కలు పుట్టిన వెంటనే ఆసుపత్రిలోనే పడతాయి. కనుక కార్డు మీద "బేబీ ఆఫ్" అని తల్లి పేరు రాస్తారు. అది అలాగే ఉండిపోతుంది. తర్వాత ఇంటి దగ్గర పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి. షేక్ అన్న ఒక్క మాటనే మనవాళ్లు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. విదేశంలో కార్డు చూసే క్లర్కుకు ఇదంతా ఒకే పిల్లవాడని ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టు చేతికి రాగానే కార్డు తీసుకొని పీహెచ్‌సీకి వెళ్లండి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే పేరు రాయించి, డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి.

తేదీలు ఇంకో గొడవ. మనం 05/08/2021 అంటే ఆగస్టు ఐదు. అమెరికాలో మే ఎనిమిది అని చదువుతారు. ఒక్కోసారి సూది పుట్టకముందే పడినట్టు తేలుతుంది! నెలను అంకెలో కాకుండా పేరుతో రాయించండి. లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో టీకా పేరు, వేసిన తేదీ విడివిడిగా రాసిన కాగితం ఒకటి పిల్లల డాక్టరు దగ్గర తీసుకుంటే అన్ని చోట్లా పనికొస్తుంది.

కార్డు పోతే? పాత కార్డుకు కౌంటర్‌ఫాయిల్ ఉంటుంది, ఏఎన్ఎం రిజిస్టర్ ఉంటుంది. టీకాలు ఏ సబ్‌సెంటరులో వేయించారో అక్కడికి వెళ్లి మర్యాదగా అడిగితే వెతికి ఇస్తారు. ఇప్పుడు యూ-విన్ వచ్చింది. 2023లో కొన్ని జిల్లాల్లో మొదలై ఆ తర్వాత దేశమంతా వచ్చింది. అందులో నమోదైన పిల్లలకు క్యూఆర్ ఉన్న సర్టిఫికెట్ ఫోన్‌లోనే దిగుతుంది. పాత పిల్లల వివరాలు అందులో ఉండవు, వాళ్లకు కార్డే ఆధారం.

గల్ఫ్ నుంచి ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. సౌదీలో పిల్లల టీకాల వివరాలు సెహ్హతీ యాప్‌లో ఉంటాయి. యూఏఈలో అల్ హోస్న్. విమానం ఎక్కకముందే వాటిని దింపుకొని మెయిల్‌లో పెట్టుకోండి. ఓటీపీ అక్కడి సిమ్‌కే వస్తుంది. ఇక్కడికి వచ్చాక ఆ సిమ్ చచ్చిపోతే యాప్ తెరుచుకోదు. కార్డును కార్గోలో వేయకండి, చేతి సంచిలో పెట్టుకోండి. ఎందుకు చెబుతున్నానో మీకు ఇప్పుడు తెలుసు.

దొంగ కాగితాల మాట కూడా అనక తప్పదు. ప్రయాణం వారంలో ఉందని, "ఆపా, మీరు తేదీలు వేసి సంతకం పెట్టేయండి" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఒకరిద్దరు ఈ హాల్లోనే ఉన్నారు, పేర్లు చెప్పను. ఐదేళ్ల సూదులు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే చూసేవాడికి తెలియదా? తెలియకపోయినా, కాగితం మీద పడ్డ సూది పిల్లవాడి ఒంట్లో పడదు కదా.

ఎంత ముందు మొదలుపెట్టాలి? వీసాకు దరఖాస్తు చేసిన రోజే. ఎంఎంఆర్, ఆటలమ్మ వంటి బతికున్న క్రిములతో చేసిన సూదులు ఒకే రోజు వేయవచ్చు, లేకపోతే మధ్య 28 రోజులు ఉండాలి. ఎంఎంఆర్ రెండు డోసులకు కనీసం నాలుగు వారాల ఎడం. ఆటలమ్మకు చిన్నపిల్లల్లో మూడు నెలలు. ఏ రకం కామెర్లకు ఆరు నెలలు. పది రోజుల్లో టికెట్ ఉందని వస్తే నేను కాదు, ఎవరూ పూర్తి చేయలేరు. మొదటి డోసులు ఇక్కడ వేయించుకొని, మిగతావి ఎప్పుడో రాయించుకొని వెళ్లడమే మార్గం. హజ్‌కు వెళ్లే పెద్దలు మెనింజైటిస్ సూది కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలని మనందరికీ తెలుసు. హజ్ క్యాంపులో క్రమశిక్షణగా వరుసలో నిలబడతాం. పిల్లల దగ్గరే ఆ పట్టింపు సడలుతుంది.

సెలవులకు అమెరికా నుంచి పసిపిల్లలతో వచ్చేవాళ్లున్నారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు ప్రయాణానికి ముందు అక్కడి డాక్టరు ఎంఎంఆర్ ఒక డోసు ముందుగానే వేస్తారు. అది బడి లెక్కకు రాదు, ప్రయాణపు రక్షణకే. నానీ ఇంట్లో పెళ్లి, ఐదు వందల మంది ముద్దులు. ఆ సూది అక్కరకొస్తుంది.

హలాలా కాదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. కొన్ని ఎంఎంఆర్ సూదుల్లో పంది జెలటిన్ వాడతారు, నిజమే. ఇంగ్లండ్‌లో ప్రియోరిక్స్ అని జెలటిన్ లేని రకం ఉంది, అడిగితే ఇస్తారు. 1995లో కువైట్‌లో ఇస్లామిక్ వైద్య శాస్త్రాల సంస్థ జరిపిన సదస్సులో ఆలిములు, వైద్యులు కలిసి చర్చించి, రూపం పూర్తిగా మారిపోయిన జెలటిన్ వాడకం అనుమతించదగినదేనని చెప్పారు. ఫత్వా చెప్పే అర్హత నాకు లేదు. మీ ఉలమాను అడగండి. కానీ వాట్సాప్‌ను అడగకండి.

వెళ్లే పిల్లల గురించే ఇంతసేపు చెప్పాను. కడప, రాయచోటి వైపు తల్లులు ఇళ్లలో పనికి కువైట్ వెళతారు. వెళ్లేది తల్లి, ఉండిపోయేది బిడ్డ. ఆ బిడ్డను సాకే దాదీకి చదువు రాదు, కార్డు కోడలు ఎక్కడ పెట్టిందో తెలియదు, ఆశా వర్కరు వస్తే "వాళ్లమ్మ వచ్చాక వేయిద్దాం" అంటుంది. ఆ అమ్మ రెండేళ్లకు గానీ రాదు. ఇలాంటి పిల్లల పేర్లు మన సొసైటీ ఉపకార వేతనాల జాబితాలో చాలా ఉన్నాయి, నేను చూశాను.

దాతలకు నా మనవి ఇదే. ప్రభుత్వ టీకాలకు పైసా ఖర్చు లేదు, దానికి మీ డబ్బు అక్కర్లేదు. ఉపకార వేతనం దరఖాస్తుకు మార్కుల జాబితాతో పాటు టీకా కార్డు జిరాక్సు జత చేయమని ఒక్క గడి పెంచండి. లేనంత మాత్రాన ఎవరికీ వేతనం ఆపకండి. ఎవరిది లేదో వాళ్ల ఇంటికి మన మనిషి వెళ్లాలి, అంతే. ప్రైవేటులో కొనాల్సిన ఆటలమ్మ, ఎంఎంఆర్ సూదులకు, కుటుంబంతో వెళుతున్న డ్రైవర్ల, కూలీల పిల్లల కోసం ఒక చిన్న నిధి కావాలి. అరబ్బీ కార్డులు చదివి పెట్టడానికి ఇద్దరు మౌలానాసాబ్‌లు ఒప్పుకున్నారు, వాళ్లు డబ్బు వద్దన్నారు. దాదీల బస్సు ఛార్జీలకు మాత్రం డబ్బు కావాలి.

వచ్చే ఆదివారం జొహర్ నమాజు తర్వాత సొసైటీ ఆఫీసులో కూర్చుంటాను. ప్రయాణాలున్నవాళ్లు, తిరిగి వచ్చినవాళ్లు, మనవల్ని పెంచుతున్నవాళ్లు కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకొని రండి. కార్డు లేనివాళ్లు పిల్లవాణ్ని పట్టుకొని రండి. ఈసారి కార్డు దొరికాక రమ్మని ఎవరినీ వెనక్కి పంపను.